అరవై ఒక్క అతుకులు

ఇల్లు,
జూన్ 4

బావమరిదికి ఆశీస్సులు.

ఇకమీద మా ఇంటి ఫోను మోగకపోతే కంగారు పడకు. అది పాడవలేదు. నేనే పీకేశాను. పాతది గోడలో ఉండగా కొత్తదానికి చోటెక్కడిది?

విషయమేమిటంటే మీ అక్కకు ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో టైపు సెక్షన్ ఎత్తేశాక రెండేళ్ళపాటు ఇంట్లో కూర్చుని నా తప్పులు ఎంచుతూ గడిపిన మనిషి, నాకు చెప్పకుండా ఏదో పరీక్ష రాసి నాలుగు వందల మందిలో నెగ్గింది. డాక్టర్లు రోగుల గురించి నోటితో చెప్పి రికార్డు చేస్తారట. అది విని టైపు చేసి పంపాలి. ఆగస్టు దాకా ఉత్తుత్తి రికార్డులతో శిక్షణ, అది ఎక్కడ కూర్చుని చేసినా ఫరవాలేదు. సెప్టెంబరు ఒకటి నుంచి అసలు రోగుల సంగతులు. అవి రహస్యం కనుక ఇంట్లోనే, తలుపున్న గదిలోనే, తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌తోనే చేయాలని షరతు. గాల్లో ఎగిరి వచ్చే రకం పనికిరాదు. ఆగస్టు ముప్పైన వాళ్ళ మనుషులు వచ్చి మన లైను పరీక్షిస్తారు. నెగ్గితే ఉద్యోగం ఖాయం. లేదంటే వరసలో వెనక నిలబడ్డవాళ్ళకు పోతుంది.

నెట్ కంపెనీ నుంచి ఇద్దరొచ్చారు. "ఏ గదిలో కావాలో చెప్పండి సార్, ఒక్క తీగ లాగేసి గంటలో వెళ్ళిపోతాం" అన్నారు. గంటలోనట! ముప్పై నాలుగేళ్ళు టెలిఫోను శాఖలో గోతుల్లో కూర్చుని కేబుళ్ళు అతికినవాడి ఇంట్లో గంట పని చేసి పోతారట. స్తంభం నుంచి గుమ్మం దాకా తెచ్చి వదిలెయ్యమన్నాను. లోపలి సంగతి నేను చూసుకుంటానన్నాను.

గళ్ళ కాగితం మీద ప్లాను గీశాను. మొత్తం ఇరవై మూడు సాకెట్లు. ముందు గదిలో ఆరు, పడక గదిలో ఐదు, వంటింట్లో నాలుగు, మెట్లకింద మూడు, స్నానాల గదిలో రెండు, చెప్పుల అర మీద ఒకటి, మేడ మీద ఒకటి. చివరిది గేటు స్తంభానికి. రేపు గేటుకు కూడా ఇంటర్నెట్ కావాలంటే అప్పుడు మళ్ళీ ఎవడు తవ్వుతాడు?

రేపటి నుంచి సుత్తి పడుతుంది.

నీ బావ

●

ఆనకట్ట కంట్రోలు గది,
జూన్ 13

బావా,

సరుకుల లారీలో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని నీ ఉత్తరం వచ్చింది. ఇక్కడ మొబైళ్ళు పలకవు. ఉన్నది ఒక్క ఫోను, దాన్ని వరద వస్తే తప్ప ముట్టుకోకూడదు. కాబట్టి నువ్వు మీ ఇంటి ఫోను పీకినా ఉంచినా నా బతుకు ఉత్తరాల బతుకే.

అక్క నెగ్గిందని చదవగానే ఒక్కణ్ణే లేచి చప్పట్లు కొట్టాను. గేటు దగ్గరి కాపలాదారు ఏదో విరిగిందనుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఇరవై మూడు సాకెట్లు ఎవరికి బావా? ఇంట్లో ఉన్నది ఇద్దరు. తలా పదకొండున్నర. స్నానం చేస్తూ నువ్వు ఎవరికి ఉత్తరాలు పంపుతావు?

వేళాకోళం పక్కన పెడితే, నాకు తెలిసిన ఒక సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకు. మా కంట్రోలు గదికి ఈ కొత్త రకం తీగ వేసినప్పుడు పక్కనే ఉండి చూశాను. దీనికి అతుకు పనికిరాదు. లోపల ఎనిమిది సన్నతీగలు జంటలు జంటలుగా మెలేసి ఉంటాయి. ఆ మెలికలోనే ఉంది మర్మమంతా. మెలిక విప్పితే లైను చెడుతుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీగ లాగాలి. కొత్త చుట్ట కొను, ముక్కల జోలికి పోకు. నీ అటక మీది గోనె సంచులు నాకు గుర్తున్నాయి.

ఇంకొక్కమాట. అక్క ఎక్కడ కూర్చుని పనిచేస్తుందో అక్కను అడిగావా?

నీ బావమరిది

●

ఇల్లు (గోడలు మిగిలినంత మేరకు),
జూలై 2

బావమరిదీ,

తాతకు దగ్గులు నేర్పుతావా? అతుకు పనికిరాదా? ఆ మాట ఎవరితో అంటున్నావో తెలిసే అన్నావా?

వరదొచ్చిన ఏడాది సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను, మళ్ళీ చెప్తాను విను. పెద్ద గోతిలోకి నీళ్ళొచ్చి పన్నెండు వందల తీగలు కుళ్ళిపోతే, ఊరు ఊరంతా మూగబోతే, మూడు రోజులు నడుం లోతు బురదలో నిలబడి ఒక్కొక్కటీ అతికాను. నాలుగో రోజు ఆసుపత్రి ఫోను మోగింది. పై అధికారి గోతిలోకి వంగి నా భుజం తట్టాడు. ఆ రోజు నుంచే నన్ను శాఖలో అతుకుల మారాజు అన్నారు. ఆ చేతులకు నువ్వు ఆనకట్ట మీద కూర్చుని అతుకు వద్దని చెప్తున్నావు.

అటక మీది సంచులు రెండూ దించాను. ముక్కలే, కానీ మేలైన ముక్కలు. మూరెడు, బారెడు, రెండు బారలు. నువ్వు చెప్పిన మెలికలన్నీ శుభ్రంగా విప్పి, తీగలు తిన్నగా దువ్వి, రంగుకు రంగు కలిపి, మైనం పూసి, గుడ్డ టేపు చుట్టాను. ఒక్కొక్క అతుకు మీద తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాను. మొత్తం అరవై ఒకటి. ఇలాంటి పని ఇప్పుడు ఎవడూ చెయ్యలేడు. గోడల్లో పెట్టి సిమెంటు పూసేస్తుంటే, ఇంత అందం ఎవరూ చూడరు కదా అని కాస్త బాధ కూడా వేసింది.

మీ అక్కను అడగడమెందుకు? అన్ని గదుల్లో పెడితే ఆవిడ ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉంటుంది. సామాన్ల గదిలో మాత్రం పెట్టలేదు, అక్కడ మనుషులు ఉండరు కనుక.

మీ అక్క దుమ్ము పడలేక రోజూ పది గంటలకు లైబ్రరీకి పోయి ఐదింటికి వస్తోంది. శిక్షణ అక్కడే కానిస్తోందట. నాకూ అడ్డు లేకుండా ఉంది.

నీ బావ

●

జెరాక్స్ షాపు,
జూలై 12

తమ్ముడూ,

ఈ ఉత్తరం సంగతి మీ బావకు తెలియనివ్వకు.

నేను లైబ్రరీకి వెళ్ళడం లేదు. మన వీధి చివర జెరాక్స్ షాపులో, పెద్ద మిషను వెనక, కాగితాల కట్టల మధ్య ఒక స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. షాపాయన ఒకప్పుడు లెక్కల మాస్టారు. ప్రతి కాపీకీ ముందు కాగితాన్ని దీపానికి ఎత్తి చూసి, తప్పులుంటే దిద్ది మరీ కాపీ తీసిస్తాడు. ఆయన షాపు లైను నువ్వు చూస్తే నవ్వుతావు. వెంటిలేటర్‌లోంచి సన్నతీగ ఒకటి వేలాడుతూ వచ్చి, మేకుకు రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటుంది. అంతే. ఇప్పటిదాకా ఒక్కసారి ఆగలేదు. శిక్షణలో నాకు మొదటి స్థానం వచ్చింది.

ఎందుకు చెప్పలేదని నువ్వు అడుగుతావు. రిటైరయ్యాక మూడేళ్ళు ఆయన పొద్దున లేచి ఎటు వెళ్ళాలో తెలియక గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేవారు. ఇప్పుడు సుత్తి పట్టుకుని ఈలలు వేస్తున్నారు. ఆ ఈల విని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. అయితే ఆగస్టు ముప్పై దగ్గర పడేకొద్దీ నాకు భయం పట్టుకుంది. ఆ లైను పని చేయదని నాకు గట్టి అనుమానం. నేను చెబితే ఆయన వినరు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ ఉద్యోగం నాకు కావాలిరా. ముప్పై ఏళ్ళు ఎవరో చెప్పింది టైపు చేశాను, నాన్న ఎవరినో బతిమాలి ఇప్పించిన కుర్చీలో కూర్చుని. ఇది మాత్రం నేను నెగ్గి తెచ్చుకున్నది. పోతే ఇంకొకటి రాదు, ఈ వయసులో ఎవరిస్తారు?

ఇంట్లో ఇరవై మూడు చోట్ల గోడ తవ్వారు. ఎక్కడ కూర్చుంటావని మాత్రం నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

అక్క

●

ఆనకట్ట కంట్రోలు గది,
జూలై 21

బావా,

నీ చేతుల మీద నాకు గౌరవం లేదని ఎవరన్నారు? ఆసుపత్రి ఫోను కథ నాకు కంఠతా వచ్చు. కాపలాదారుకు కూడా వచ్చు.

ఒక్క ఉపకారం చెయ్యి. ఆగస్టు ముప్పై దాకా ఆగకుండా ఇప్పుడే ఒకసారి లైను పరీక్షించి చూడు. బాగుంటే చెంపలేసుకుంటూ ఉత్తరం రాస్తాను, నువ్వు దాన్ని ఫ్రేము కట్టించుకో. బాగాలేకపోతే సరిచెయ్యడానికి ఇంకా నెల ఉంటుంది.

ఇంకా చాలా రాయాలని ఉంది. రాయడం లేదు.

నీ బావమరిది

●

ఇల్లు,
ఆగస్టు 6

బావమరిదీ,

పరీక్షించాను. నువ్వు చెప్పినందుకు కాదు, నాకే బుద్ధి పుట్టి.

ఇరవై మూడు సాకెట్లలోనూ దీపం వెలిగింది. ముందు అది రాసుకో. దీపం వెలిగాక రెండు నిమిషాలకు ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆరుతుంది. వేగం చూసే లెక్కలో వందకు మూడు చూపించింది. స్నానాల గదిలో నాలుగు. ఎందుకో అక్కడ కాస్త మెరుగు.

కారణాలు వెతికాను. మొదట ఎలుకలనుకున్నాను. బోను పెట్టాను, దొరకలేదు. తర్వాత వాన అనుకున్నాను, కానీ వాన పడలేదు. పక్కింటివాళ్ళ మోటారు అనుకుని వాళ్ళను ఒక పూట నీళ్ళు పట్టుకోవద్దని అడిగితే తలుపు వేసేశారు. ఇక మిగిలింది ఒక్కటే. నెట్ కంపెనీ గుమ్మం దాకా పంపుతున్న సరుకే కల్తీది. వాళ్ళ మీద ఫిర్యాదు రాస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది పేజీలైంది. ప్లాను కూడా జత చేస్తాను, అరవై ఒక్క అతుకుల బొమ్మలతో సహా. వాళ్ళూ చూసి నేర్చుకుంటారు.

మీ అక్క అన్నం పెట్టి పక్కన కూర్చుని గోడ వంక చూస్తోంది. తిట్టినా బాగుండేది.

నీ బావ

●

ఆనకట్ట కంట్రోలు గది,
ఆగస్టు 14

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. మీరు ఎలుకను, వానను, మోటారును, కంపెనీని అనుమానించారు. ఆ వరసలో మీ పేరు ఎక్కడా కనిపించలేదు.

బురద గోతిలో మీరు అతికినది మాటలు మోసే తీగ. మాటలో కాస్త గరగర ఉన్నా అవతలివాళ్ళు సర్దుకుని వింటారు. ఈ తీగ సర్దుకోదు. మీరు చెయ్యకూడని పనిని అద్భుతంగా చేశారు. అంత అద్భుతంగా చెడగొట్టడం కూడా ఇంకెవరివల్లా కాదు, అది ఒప్పుకుంటాను.

ఈ ఉద్యోగం మా అక్కది. పోతే మీ ప్లాను పోదు, మీ బిరుదు పోదు, పోయేది ఆవిడది. ఇంకా పదహారు రోజులే ఉన్నాయి. మీరు ఫిర్యాదు రాస్తారో, సుత్తి తీసి గోడ పగలగొడతారో మీ ఇష్టం.

నేను జూన్‌లో ఒక ప్రశ్న అడిగాను. దానికి మీరు ఇప్పటికీ జవాబు తెచ్చుకోలేదు.

ఇట్లు,
మీ బావమరిది

●

ఇల్లు,
ఆగస్టు 22

బావమరిదీ,

నన్ను 'గారు' అన్నావు. మీ అక్క పెళ్ళినాడు కూడా అనలేదు నువ్వు. ఆ ఒక్కమాటకు నాకు అన్నం సహించలేదు. కోపంతో ఇంకో ఐదు పేజీలు రాసి, పద్నాలుగు పేజీల ఫిర్యాదు చంకన పెట్టుకుని, మూడు కాపీలు తీయించడానికి వీధి చివర జెరాక్స్ షాపుకు వెళ్ళాను.

షాపు మాస్టారు మొదటి పేజీని దీపానికి ఎత్తి చదివాడు. చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఈ కంపెనీ లైను బాగాలేదంటారా? మాదీ అదే కంపెనీ, అదే స్తంభం. మీ ఇంట్లో ఆవిడ రెండు నెలలుగా దీని మీదే పని చేస్తున్నారు. ఒక్కరోజు ఆగలేదే!"

"మా ఇంట్లో ఆవిడా?"

ఆయన మిషను వెనక్కి చూపించాడు. కాగితాల కట్టల మధ్య మీ అక్క. చెవులకు ఇయర్‌ఫోన్లు, కళ్ళు మూసుకుని ఉంది. వేళ్ళు మాత్రం పరుగెడుతున్నాయి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ పనిచేస్తుండగా చూడటం నాకదే మొదటిసారి. మధ్యలో ఆగి, పెదవి కొరికి, ఒక మాట దిద్ది, తనలో తనే నవ్వుకుంది. అతుకు సరిగ్గా కుదిరినప్పుడు నేనూ అలాగే నవ్వుకుంటాను. మేకుకు రబ్బరు బ్యాండు కట్టిన ఆ సన్నతీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. ఒక్క అతుకు లేదు.

పిలవకుండా ఇంటికి వచ్చేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సుత్తి తీసి పడక గదిలో మొదటి అతుకు బయటికి తీశాను. జూన్ 19 అని తేదీ, కింద నా సంతకం. ఎంత బాగా చేశానో! ఎందుకూ పనికిరాదు.

ఐదింటికి మీ అక్క వచ్చింది. చేతిలో సుత్తితో నిలబడే అడిగాను, "నువ్వు ఎక్కడ కూర్చుని పని చేసుకుంటావు?" అని.

నా చెయ్యి పట్టుకుని సామాన్ల గదిలోకి తీసుకెళ్ళింది. పెట్టెల వెనక, కిటికీ పక్కన, ఒక పాత చాప, దిండు, గ్లాసులో నాలుగు పెన్సిళ్ళు, అట్ట ఊడిన నిఘంటువు. గోడ మీద మనిషి వీపు ఎత్తున నున్నగా అరిగిన మరక. పదకొండేళ్ళుగా సెలవు రోజుల్లో, ఈ రెండేళ్ళుగా రోజూ, మధ్యాహ్నం పూట అక్కడే కూర్చుంటోందట. పరీక్షకు చదివింది కూడా అక్కడేనట. ఇంట్లో ప్రతి గోడకూ కొలతలు తీసినవాణ్ణి, ఆ మరక నాకు కనపడలేదు.

"అడుగుతారని జూన్ నుంచి చూస్తున్నాను" అంది. అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నీకు తప్ప ఎవరికీ చెప్పకు.

ఇంకా ఎనిమిది రోజులున్నాయి. నా దగ్గర ఉన్నవన్నీ ముక్కలే. ఆ కంపెనీవాళ్ళిద్దరినీ వెళ్ళి బతిమాలాలి. రేపు పోతున్నాను.

నీ బావ
(ఇకనైనా ఆ 'గారు' తీసెయ్యి.)

●

సామాన్ల గది,
ఆగస్టు 31

బావమరిదీ,

ఈ ఉత్తరం టైపులో ఉందేమిటని ఆశ్చర్యపోకు. నేను చెబుతుంటే మీ అక్క కొడుతోంది. ఉన్నది ఉన్నట్టు కొట్టమని చెప్పాను.

(ఉన్నది ఉన్నట్టే కొడతాను. లేనిది చెబితే పక్కన రాస్తాను. — అక్క)

కంపెనీవాళ్ళిద్దరూ నేను అడగ్గానే వచ్చారు.

(మూడుసార్లు తిరిగారు. మూడోసారి నన్నూ తీసుకెళ్ళారు.)

గుమ్మం నుంచి సామాన్ల గది దాకా ఒకే తీగ, పందొమ్మిది మీటర్లు. మొదట గంట అన్నారు కదా, నలభై నిమిషాల్లో అయిపోయింది. పనంతా నా పర్యవేక్షణలో జరిగింది.

(నిచ్చెన పట్టుకున్నారు. బాగా పట్టుకున్నారు.)

నిన్న పది గంటలకు పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. ఒకావిడ, ఒకాయన. గది తలుపు గడియ వేసి చూశారు, కిటికీ చూశారు, లైనుకు ఏదో పెట్టె తగిలించి అరగంట కూర్చున్నారు. నేను మాత్రం ప్రశాంతంగా ఉన్నాను.

(గేటు దాకా పదిహేనుసార్లు వెళ్ళొచ్చారు.)

వందకు తొంభై ఎనిమిది వచ్చింది. ఆవిడ ఒక కాగితం మీద సంతకం పెట్టి మీ అక్క చేతికిచ్చింది. రేపటి నుంచి ఉద్యోగం. బయటికి వెళ్తూ ఆయన గోడలన్నీ చూసి, ఇన్ని సాకెట్లు ఎందుకండీ అని అడిగాడు. ముందుచూపుతో పెట్టానని చెప్పాను.

(ఆయన అడిగింది నిజం. ఈయన అన్నది "మా ఆవిడను అడక్కుండా పెట్టాను" అని. అందరి ముందూ అన్నారు. అది నేను ఎప్పటికీ మర్చిపోను.)

అది కొట్టవద్దని చెప్పాను కదా. సరేలే, ఉండనీ. పడక గదిలో బయటికి తీసిన ఆ మొదటి అతుకును మీ అక్క అద్దం పెట్టెలో పెట్టి తన బల్ల మీద ఉంచుకుంది. మిగతా అరవై గోడల్లోనే ఉన్నాయి. నేను పోయాక ఎవరైనా తవ్వితే ఎవరి పనో సంతకం చూసి తెలుసుకుంటారు. ఇక ఉంటాను.

నీ బావ

తమ్ముడూ, ఇక్కడి నుంచి నేను. ఆయన చెప్పడం అయిపోయి బయటికి వెళ్ళారు. రేపటి నుంచి పని గంటల్లో ఈ గదిలోకి ఎవరూ రాకూడదు, అది షరతు. ఆ మాట చెబితే అలిగి, పీకేసిన పాత ఫోను తీగతో గుమ్మం పైన ఒక గంట కట్టారు, బయట మీట నొక్కితే మోగేలా. వయసులో ఉన్నప్పటి పనితనం పోలేదు. అతుకు ఒక్కటి కూడా పెట్టలేదు, నేను చూశాను.

ఇప్పుడే గంట మోగింది. ఇంకా పని మొదలు కాలేదు, ఇవాళ ముప్పై ఒకటే. అయినా తలుపు అవతల నిలబడి, లోపలికి రావచ్చా అని అడుగుతున్నారు. ముప్పై ఏళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు.

రమ్మన్నాను.

అక్క